డెబ్బై ఐదు దగ్గర కొండ

కోడలు గ్లాసును మూడోసారి తొలుస్తోంది. సబ్బు నురగ మొదటిసారికే పోయింది. అయినా అంచు దాకా నీళ్ళు పట్టి, మణికట్టు తిప్పి, చుక్క మిగలకుండా వంచి, గుడ్డ మీద బోర్లించింది.

"అమ్మాయ్, అది గ్లాసా, పసిబిడ్డా? ఇంకాస్త తోమావంటే అరిగి కాగితమైపోతుంది," అంది అత్త కిటికీ దగ్గర్నుంచి.

"అలవాటైపోయింది అత్తయ్యా. ల్యాబులో మూడుసార్లు తొలవకపోతే చీవాట్లు."

"ఇక్కడ తొలిచినందుకు నేను పెడతాలే చీవాట్లు. ముందు ఇలా రా. ఇది నలుపా, ముదురు నీలమా?"

అత్త బట్టలు కుడుతుంది. మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ. ముప్పై ఏళ్ళు సూదిలోకి దారం ఎక్కించిన కళ్ళు రెండేళ్ళుగా మొరాయిస్తున్నాయి. నలుపూ ముదురు నీలమూ ఆమెకి ఒకటే రంగు. అందుకే కోడలు పనికి బయల్దేరేలోపు ఆ రోజు కావలసిన దారపు రీళ్ళు ఏరించుకుంటుంది.

కోడలు రెండు రీళ్ళనూ వెలుతురులో పక్కపక్కన పట్టుకుంది. "కుడిచేతిలోది నీలం."

"రెండూ కవలల్లా ఉన్నాయి కదే. ఎలా చెప్పావు?"

"విడివిడిగా చూస్తే నాకూ తెలీదు. పక్కపక్కన పెడితే తెలుస్తుంది."

"పోనీలే, ఇంట్లో ఒకరికైనా కళ్ళున్నాయి. దా, నీ జీతం తాగిపో."

జీతమంటే ఉప్పూ చక్కెరా కలిపిన గ్లాసుడు నీళ్ళు. అత్త స్టూలెక్కి, పై అరలో డబ్బాల వెనక్కి చెయ్యి పోనిచ్చి, పాత గుడ్డలో చుట్టిన చిన్న డబ్బా తీసింది. గ్లాసులో వేయవలసింది వేసి, చెంచాతో గలగలా కలిపింది. డబ్బాను మళ్ళీ గుడ్డలో చుట్టి, ఉన్నచోటే దాచేసింది.

కోడలు ముక్కు మూసుకుని గటగటా తాగింది.

మూడు నెలల క్రితం కోడలు బస్సులో కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తపోటు తక్కువగా ఉందనీ, రోజూ ఉప్పు కాస్త ఎక్కువ తీసుకోమనీ డాక్టరు చెప్పాడు. అత్తకి అదే రక్తపోటు ఎక్కువ. అయిదేళ్ళుగా ఆ ఇంట్లో వంటకి ఉప్పు వెయ్యరు. "ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. ఇద్దరూ కలిపి చెరి సగం పంచుకోండి, నా తిండి బాగుపడుతుంది," అని నవ్వాడు కోడలి భర్త. అతను లిఫ్టు మెకానిక్. ఆ విధంగా కోడలి కోసం, ఒక్క కోడలి కోసమే, ఇంట్లోకి ఉప్పు డబ్బా వచ్చింది.

కళ్ళు తిరగడం తగ్గింది. కానీ ఈ నెల నుంచి అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టు తిమ్మిర్లు. దువ్వెన నిండా వెంట్రుకలు. అన్నం చూస్తే వికారం. ఇవేవీ ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పేదాకా ఆగితే పోతాయనుకుంది.

*

కోడలు పనిచేసే ల్యాబులో నీళ్ళు పరీక్షిస్తారు. ఏ నీటిలో సీసం ఎంత, ఆర్సెనిక్ ఎంత అని తేల్చి కాగితం ఇస్తారు. ఆర్సెనిక్ అంటే పాషాణమే. తేల్చే యంత్రం పేరు మాస్ స్పెక్ట్రోమీటరు. అక్కడ అందరూ పిలిచేది మాత్రం ముసల్ది అని. నీటి చుక్కను భగభగ మండే ఆర్గాన్ వాయువులోకి పంపిస్తే అందులోని పరమాణువులన్నీ చెల్లాచెదురవుతాయి. ముసల్ది వాటిని బరువుల వారీగా వరసలో నిలబెట్టి లెక్కపెడుతుంది. ఏ బరువు దగ్గర గుంపు ఎక్కువగా ఉంటే తెర మీద ఆ అంకె దగ్గర గీత కొండలా లేస్తుంది. ఆర్సెనిక్ బరువు డెబ్బై ఐదు.

అక్కడ ఒక పద్ధతి ఉంది. ప్రతి గురువారం ఎవరో ఒకరు తమ ఇంటి నుంచి ఒక సీసా తేవాలి. కుళాయి నీళ్ళో, వాననీళ్ళో. మధ్యాహ్నం భోజనాలప్పుడు దాన్ని ముసల్దాని నోట్లో పెట్టి, ఏదో ఒక్క బరువు ఎంచుకుని చూస్తారు. యంత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉందా లేదా అని చూడడానికి అంతే. ఇంటి సీసా అంటారు దాన్ని.

ఆ గురువారం వంతు కోడలిది. ల్యాబు గోడ మీద ఒక కాగితం ఉంది: ఆర్సెనిక్ ఒంట్లో చేరితే కనబడే గుర్తులు. అరికాళ్ళ తిమ్మిరి, జుట్టు రాలడం, వికారం. ఏడు నెలలుగా దాని ముందు నుంచే నడుస్తోంది. ఈ వారమే నిలబడి చదివింది. చదివి, ఎవరికీ చెప్పకుండా, కుళాయి నీళ్ళ బదులు తన మూత్రం పట్టి తెచ్చింది. డెబ్బై ఐదు ఎంచుకుంది.

గీత లేచింది. లేచి, లేచి, తెర పై అంచుకి తగిలేటట్టు నిలబడింది.

ఆమె మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే కొండ. పక్కన కుళాయి నీళ్ళు పెట్టి చూసింది. అక్కడ గీత నేలలా చదునుగా ఉంది. మిషను బాగానే ఉంది. బాగాలేనిది తనే.

తను ఎక్కడ తింటుంది? ఇంట్లో. ఇంట్లో ముగ్గురూ ఒకే కుండలోది తింటారు, ఒకే కుళాయిది తాగుతారు. మిగతా ఇద్దరికీ ఏమీ కాలేదు. ఇద్దరూ ముట్టనిది, తను ఒక్కతే ముట్టేది ఒకటే ఉంది.

గుడ్డలో చుట్టిన డబ్బా కళ్ళ ముందు మెదిలింది. ఉప్పు డబ్బాను ఎవరైనా దాస్తారా?

*

ఆ ఆలోచన వచ్చినందుకు తనను తానే తిట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో తన పాత బట్టలన్నీ విప్పదీసి మళ్ళీ ఒంటికి అతికినట్టు కుట్టిపెట్టిన మనిషి. జ్వరమొస్తే తల దగ్గర కూర్చుని, "పడుకోవే, నీ మొగుడు మోగించే ఫోను నేను చూసుకుంటా," అన్న మనిషి. అయినా మర్నాడు పొద్దున అత్త గ్లాసు చేతికిచ్చినప్పుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది.

"చలా?" అంది అత్త.

"కాదు."

"మరి తాగవేం?"

"వేడి చల్లారనీ, అత్తయ్యా."

"ఉప్పునీళ్ళకి వేడేమిటే? నిద్రలో ఉన్నావా?"

నవ్వబోయి నవ్వలేక గ్లాసు పట్టుకుని స్నానాల గదిలోకి పోయి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో తూములో వంపేసింది. అలా నాలుగు రోజులు వంపింది. నాలుగో రోజు మళ్ళీ సీసా పట్టి, అందరూ భోజనానికి పోయాక ముసల్దాని ముందు కూర్చుంది. డెబ్బై ఐదు దగ్గర కొండ సగానికి సగం దిగిపోయి ఉంది.

ఆ సంగతికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. తాగితే లేస్తుంది, తాగకపోతే దిగుతుంది. ఇక మిగిలింది ఆ నీళ్ళనే పరీక్షించడం.

మూడు రోజులు అత్త కలిపిన గ్లాసులోంచి కాస్త కాస్త చిన్న సీసాల్లోకి పోసుకుంది. ల్యాబు అలవాటు చేతికి అంటుకుపోయింది. తెలియకుండానే వాటి మీద చీటీలు అంటించింది. గుండ్రటి అక్షరాలతో, 'అత్తయ్య గ్లాసు, ఉదయం' అని, కింద తేదీ. ఒక్కో సీసాలోంచి సగం ల్యాబుకి తీసుకుపోయి, మిగిలిన సగం నల్ల సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో కూరగాయల వెనక పెట్టింది. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఉండాలి కదా అనుకుంది. ఎవరు అడుగుతారో, ఎవరికి చూపించాలో ఊహించే ధైర్యం మాత్రం చేయలేదు.

ఆ మూడు సీసాల నీళ్ళకీ లేచిన కొండలు తెరలో పట్టలేదు. ముసల్ది కీచుమని అరిచి, ఎర్ర దీపం వెలిగించి ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లోకి అడుగుపెడుతుంటే కుట్టుమిషను టకటకలు వినబడ్డాయి. రోజూ వినే చప్పుడే. గుమ్మంలో ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

"వచ్చావా? మొహం అలా పీక్కుపోయిందేం? ఇవాళ రెండు గ్లాసులు తాగాలి నువ్వు. ఒకటి సరిపోవడం లేదు నీకు," అంది అత్త, మిషను ఆపి లేస్తూ.

"వద్దత్తయ్యా!"

కేకలా వచ్చింది. అత్త ఆగి, కళ్ళజోడు పైనుంచి చూసింది. ఆ చూపులో ఏముందో కోడలికి అర్థం కాలేదు. బాధా, అనుమానమా, లెక్కా? నెల క్రితమైతే ఆ చూపు తేలిగ్గా చదివేది.

ఆ వారమంతా ఇంట్లో ఆకలి లేదంటూ, బస్సులో బిస్కెట్లు తింటూనే గడిపింది. వంటింట్లో అత్త చేతులు ఎటు కదిలితే అటు ఆమె కళ్ళు కదిలేవి. కత్తెర చప్పుడైతే ఉలిక్కిపడేది. అత్త దగ్గితే, ఏదో అనబోతోందని ఊపిరి బిగబట్టేది. రీళ్ళు ఏరివ్వమంటే గదిలో నిలబడే, వెలుతురు దాకా పోకుండానే, "ఇది నలుపు," అని చేతికి తోచింది ఇచ్చేసేది.

*

శుక్రవారం పొద్దున భర్తతో కలిసి మెట్లు దిగుతూ ఇక ఆగలేకపోయింది.

"ఏమండీ, ఒక మాట చెబుతాను. అరవకండి."

"చెప్పు."

"నా ఒంట్లో పాషాణం ఉంది. అత్తయ్య ఇచ్చే నీళ్ళలో ఉంది. పరీక్ష చేశాను."

అతను మెట్టు మీద ఆగిపోయాడు. పనిముట్ల సంచి భుజం మార్చుకున్నాడు. మళ్ళీ మార్చుకున్నాడు.

"మా అమ్మా?"

"నాకూ నమ్మబుద్ధి కావడం లేదు."

"మీ మిషను పొరపాటు పడదా?"

"ఆరుసార్లు పెట్టాను. ఆరుసార్లూ అదే చెప్పింది. ఆ డబ్బా అలా ఎందుకు దాస్తారో మీరే చెప్పండి."

అతను కింది మెట్టు దాకా వచ్చి, "నువ్వు పనికి పో," అన్నాడు. తను మాత్రం అక్కడే నిలబడ్డాడు. ఆమె వీధి మలుపు తిరుగుతూ వెనక్కి చూసింది. అతను మెట్లెక్కి పైకి పోతున్నాడు.

*

ల్యాబులో అడుగుపెట్టగానే దశాంశం సార్ గొంతు వినబడింది. ఆయన అక్కడ అందరికన్నా పెద్ద. ఎవరైనా అంకె చివర ఒక్క దశాంశం వదిలేసినా కాగితం మొహాన కొడతాడు. అందుకే ఆ పేరు. ముసల్దాని మూత విప్పి, లోపలి నుంచి గుండ్రటి లోహపు ముక్క ఒకటి తీసి పట్టుకున్నాడు. దాని మధ్య సూదిబెజ్జమంత కన్నం. చుట్టూ తెల్లగా పేరుకుపోయి ఉంది.

"ముసల్దాని ముక్కు మూసుకుపోయింది. ఎవరమ్మా దీనికి ఉప్పు తినిపించింది? సముద్రం గానీ తెచ్చి పోశారా?"

కోడలు సంచి బల్ల మీద పెట్టి ముందుకొచ్చింది.

"నేనే సార్."

ఆయన మిగతావాళ్ళని పొమ్మన్నాడు. ఆమె ఆయన ముందు నిలబడి మొత్తం చెప్పింది. తిమ్మిర్లు, ఇంటి సీసా, తూములో వంపడం, చిన్న సీసాలు. అత్త అన్న మాట మాత్రం నోట రాలేదు. "ఇంట్లో ఒకరు" అంది.

"ఆ నీళ్ళలో ఏమేం వేస్తారు?"

"ఉప్పు, చక్కెర."

ఆయన ముక్క బల్ల మీద పెట్టి, ఆమె వైపు తిరిగాడు.

"డెబ్బై ఏడు చూశావా?"

"లేదు సార్. డెబ్బై ఐదు ఒక్కటే."

"అదేనమ్మా నువ్వు చేసింది. ఉప్పులో ఉండేదేమిటి? క్లోరిన్. దాని బరువు ముప్పై ఐదు. మన మంటలో ఉండేదేమిటి? ఆర్గాన్. నలభై. ఆ రెండూ ఆ మంటలో చేతులు పట్టుకుంటే?"

ఆమె వేళ్ళ మీద కూడింది.

"డెబ్బై ఐదు. క్లోరిన్‌లో కాస్త బరువైన రకం ఇంకోటి ఉంది, అది డెబ్బై ఏడు దగ్గర చిన్న కొండ లేపుతుంది. పాషాణానికి డెబ్బై ఏడులో ఏమీ ఉండదు. ఆ పక్క కిటికీ తెరిచి ఉంటే ముసల్దే చెప్పేది నీకు."

"ఆరుసార్లు పెట్టాను సార్. ఆరుసార్లూ ఒకటే వచ్చింది."

"ఒకటే రాక ఏం చేస్తుంది? కొలతబద్ద పొట్టిదైతే ఆరుసార్లు కొలిచినా ఆరుసార్లూ ఒకటే తప్పు వస్తుంది. దా."

పక్క భవనంలో పెద్ద మిషను ఉంది. గదంత ఉంటుంది, దాని రోజు చార్జీ తలుచుకుని ఎవరూ ముట్టుకోరు. సార్ తాళం తీయించి, ఆమె దగ్గర మిగిలిన చుక్కల్ని బాగా పలచన చేసి లోపలికి పంపించాడు. రిజల్యూషన్ పదివేలకి పెట్టాడు. దగ్గర దగ్గరగా ఉన్న రెండు బరువుల్ని ఎంత సన్నగా విడదీయగలదో చెప్పే అంకె అది. ముసల్దానికి డెబ్బై ఐదు అంటే ఒకే గది. ఎవరొచ్చినా అందులోకే తోసేస్తుంది. పెద్ద మిషను ఆ గదిని వేల గళ్ళుగా కోసి చూస్తుంది.

"పాషాణం అసలు బరువు డెబ్బై నాలుగు పాయింటు తొమ్మిది రెండు. ఈ జంటది డెబ్బై నాలుగు పాయింటు తొమ్మిది మూడు. వందో వంతు తేడా. నన్ను దశాంశం అని ఎందుకంటారో ఇప్పుడు చూడు."

తెర మీద సన్నటి కొండ ఒకటి నిటారుగా లేచింది. పాయింటు తొమ్మిది మూడు దగ్గర. దాని పక్కన, పాయింటు తొమ్మిది రెండు దగ్గర, గీత నేలకి అంటుకుని పడుకుంది. ఆయన ఆమె మొదటి సీసా కూడా పెట్టాడు. అదే. పక్కన ఏమీ లేదు.

"నీకెవరూ ఏమీ పెట్టలేదమ్మా. ఉప్పు పెట్టారు. తిమ్మిర్లకి రక్తపరీక్ష చేయించుకో, విటమిను తగ్గినా వస్తాయవి," అన్నాడు సార్. తలుపు దాకా పోయి ఆగాడు. "ఇంట్లో ఎవరితోనైనా అన్నావా ఇది?"

ఆమె సంచి అందుకుని అప్పటికే పరుగెడుతోంది.

*

వారం రోజులుగా పట్టి ఉన్న భయం పోయింది. దాని చోట ఇంకో భయం కూర్చుంది. ఇది ఇంకా బరువుగా ఉంది. బస్సులో ఫోను చేసింది, భర్త ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. కిటికీ పక్క కూర్చుని, చెప్పవలసిన మాటలు వరసగా పేర్చుకుంది. ఏ మాట ముందు పెట్టినా రెండోది నిలబడడం లేదు.

తలుపు తీసే ఉంది. కుట్టుమిషను మీద మూత వేసి ఉంది.

అత్త బల్ల ముందు కూర్చుంది. బల్ల మీద మూడు చిన్న సీసాలు, చీటీలు ఇటు తిరిగి. నల్ల సంచి మడతపెట్టి పక్కన ఉంది. గుడ్డ విప్పిన ఉప్పు డబ్బా, మూత తీసి ఉంది. కలిపిన గ్లాసు ఒకటి. గోడకి ఆనుకుని భర్త నిలబడ్డాడు, పనిముట్ల సంచి ఇంకా భుజాన్నే.

"నేనేమీ అనలేదు," అన్నాడు అతను, ఎవరూ అడగకముందే. "ఆ డబ్బా ఎందుకు దాస్తావమ్మా అని మాత్రం అడిగాను."

"ఏమన్నారు?"

"కంటికి కనబడితే నా నోరు ఆగదురా, అయిదేళ్ళయింది ఉప్పు తిని, అంది. తర్వాత కూరగాయల కోసం ఫ్రిజ్ తెరిచింది."

కోడలు బల్ల దగ్గరికి వచ్చింది. "అత్తయ్యా, తప్పు నాదే. మిషను రెండింటిని కలిపేసి చూపించింది. రెండూ పక్కపక్కనే ఉంటాయి, తేడా వందో వంతు కూడా ఉండదు, నేను ఒక్క అంకే చూశాను. పక్క అంకె చూడలేదు. పెద్ద మిషనులో పెట్టి చూశాం, అందులో ఏమీ లేదు, అత్తయ్యా, ఉప్పే, ఉత్త ఉప్పే…"

తన గొంతు తనకే లెక్క అప్పజెబుతున్నట్టు వినబడింది. ఆగిపోయింది.

అత్త చీటీల వైపు చూస్తోంది. గుండ్రటి అక్షరాలు. ఆ అక్షరాల్ని ఎన్నోసార్లు మెచ్చుకుంది ఆవిడ. కుట్టడానికిచ్చినవాళ్ళ పేర్లు బట్టల మీద కోడలి చేతే రాయించేది.

అత్త గ్లాసు ఎత్తింది.

"అమ్మా, నీకు పడదు!" అని కొడుకు ముందుకు దూకాడు. ఆమె ఎడమచేత్తో అతన్ని ఆపి, అడుగు దాకా తాగింది. మధ్యలో ఊపిరి తీసుకోలేదు. తర్వాత లేచి కుళాయి దగ్గరికి పోయింది. గ్లాసు నింపి, మణికట్టు తిప్పి, వంచింది. రెండోసారి. మూడోసారి. చుక్క మిగలకుండా వంచి, గుడ్డ మీద బోర్లించింది.

"అత్తయ్యా, ఒక్క మాట అనండి. తిట్టండి."

అత్త గదిలోకి పోయి సంచితో వచ్చింది. కత్తెర, సూదుల డబ్బీ, టేపు అందులో వేసుకుంది. కిటికీ గట్టు మీద రెండు రీళ్ళున్నాయి, పొద్దున ఏరించుకున్నవి. వాటిని చేతిలోకి తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఒకసారి ఇదీ ఒకసారి అదీ చూసింది. కోడలు తెలియకుండానే చెయ్యి చాచింది. అత్త తల ఎత్తి ఆ చేతి వైపు చూసింది. రెండు రీళ్ళనూ సంచిలో పడేసుకుంది.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా లాగి, మెట్లు దిగిపోయింది.